ఏడ్చేది తమిళం, తిట్టేది తెలుగు

మొన్న మా వీధి చివర ఒక పెద్దాయన పోతే ఏడవడానికి మైక్ సెట్ పెట్టించారు. మనుషులు లేక కాదు. కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు అందరూ వరసగా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునే ఉన్నారు. ఏడ్చే పని మాత్రం ఎవరో ముక్కూమొహం తెలియని ఆడమనిషి గొంతు రికార్డులోంచి చూసుకుంటోంది. ఆమె తమిళంలో గుండెలు బాదుకుంటుండగా కరెంటు పోయింది. ఏడుపు సగం మాట మీద టక్కున ఆగిపోయింది. అందరూ హమ్మయ్య అనుకుని టీలు తాగారు.

మా మేనత్త బతికి ఉంటే ఆ పెద్దాయనను పక్కకు జరిపి, ముందు ఆ స్పీకరును పాడె ఎక్కించి ఉండేది.

ఆమె మా నాన్నకు అక్క. తమిళనాడులో, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చి పేర్చి వేళ్ళు వంకర్లు పోయిన మనిషి. కానీ ఊళ్ళో ఆమెను ఎరిగింది అగ్గిపెట్టెల వల్ల కాదు, ఏడుపు వల్ల. మా వాళ్ళలో ఎక్కడ చావు జరిగినా ముందు కబురు ఆమెకే. కూలికి ఏడ్చేది కాదు. ఎవరైనా అలా అంటే ఇంతెత్తున లేచేది. "కూలికి పుల్లలు పేరస్తాను. ఏడ్చేది నా ఇష్టానికి" అనేది. అక్కడ దాన్ని ఒప్పారి అంటారు. చచ్చిపోయిన మనిషి తల దగ్గర కూర్చుని రాగం తీసి, కథ కట్టి ఏడవడం.

మా ఇళ్ళలో తెలుగు గడప లోపలి భాష. గడప దాటితే తమిళం. బడిలో, బజారులో, బస్సులో, ఫ్యాక్టరీలో అంతా తమిళమే. ఇద్దరు తెలుగువాళ్ళు రోడ్డు మీద ఎదురైనా తమిళంలోనే పలకరించుకుని, ఇంట్లోకి వచ్చి తలుపేశాక తెలుగులోకి దిగుతారు. ఏడుపుకూ మా మేనత్త ఇదే పద్ధతి పెట్టింది. ముందు తమిళంలో పొగడాలి. అది వీధి కోసం. రాజా అనాలి, కర్ణుడనాలి, నువ్వు నడిస్తే నేల పులకరించిందనాలి. ఆ తర్వాత గొంతు తగ్గించి, తెలుగులోకి దిగి, తిట్టాలి. అది ఇంటివాళ్ళ కోసం. పొగడ్త అందరికీ ఒకటే సరిపోతుంది. తిట్టు మాత్రం ఎవరి కొలత వాళ్ళకే, రవికె కుట్టినట్టు.

"పొగడను ఎవురికైనా వస్తాది" అనేది. "బాగా తెలిసినోళ్ళే తిట్టగలరు. తిట్టకుండా పంపిస్తే పావం, ఆ మనిసి ఎవురికీ తెలియని మనిసి మాదిరి పోతాది."

ఆమె ఏడ్చే తీరు చూసి తీరాలి. వచ్చీ రాగానే చెంబుతో నీళ్ళు అడిగేది. నోట్లో వక్కాకు ఉమ్మేసి, పుక్కిలించి, కొంగు బొడ్లో దోపి, చచ్చిపోయిన వాళ్ళ తల దువ్వి, చుట్టూ ఎంతమంది ఉన్నారో ఒకసారి చూసుకుని, దగ్గి, అప్పుడు మొదలుపెట్టేది. ఎంత ఏడ్చినా కంట్లో చుక్క నీరు కనబడేది కాదు. కళ్ళు పొడిగా, చురుగ్గా ఉండి ఇల్లంతా గమనిస్తూ ఉండేవి. అదే రాగంలో, ఊపిరి తీయకుండా, "అయ్యో నా తల్లీ, ఆ పొయ్యి మింద పాలు పొంగతా ఉండాయి, ఎవురైనా పోయి దించండే" అని ఏడ్చేది. మేమంతా వంటింట్లోకి పరుగెత్తేవాళ్ళం.

నాకు ఆమె పెట్టిన పేరు గూబమొకం. నా కళ్ళు పెద్దవని కొందరు పొగిడినందుకు అది విరుగుడు.

పందొమ్మిది వందల తొంభైలు ముగిసే రోజుల్లో ఒక పొద్దున ఆమె కుళాయి దగ్గర జారిపడింది. తుంటి విరిగింది. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మా నాన్నా అమ్మా కూడా అప్పటికి లేరు. ఉన్నది నేనే. ఆస్పత్రి నుంచి తెచ్చాక కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగింది గానీ ఒంటరిగా ఉండే పరిస్థితి లేదు.

మా ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అని మీరడుగుతారు. అందరూ అడిగారు. మా ఇంట్లో మా ఆయన తల్లి ఉంది. మా మామ పోయినప్పుడు మా మేనత్త వచ్చి ఏడ్చింది. తమిళంలో ఆయన్ని చక్రవర్తిని చేసింది, బాగానే ఉంది. తర్వాత తెలుగులోకి దిగింది. మా మామ పిసినారి. ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. ఆ రోజు ఆయన్ని ఐసు దిమ్మెల మీద పడుకోబెట్టాం, దూరం నుంచి బిడ్డలు రావాలని. మా మేనత్త ఆయన గడ్డం పట్టుకుని, "పెండ్లాన్ని బతుకంతా ఉడకబెడితివే, నువ్వు మాత్రం ఈ పొద్దు ఐసు మింద సల్లగా పండుకుంటివా సామీ" అని రాగం తీసింది. మొదట నవ్వింది మా ఆయన తల్లే. పక్కనున్న వాళ్ళు నవ్వాక ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం తగ్గలేదు. "ఆ నోటి దురుసు వాయాడి నా గడప తొక్కరాదు" అని ఒట్టు పెట్టింది.

ఇది విని మా మేనత్త, "సరి, ఆమె పోయినాకనే తొక్కుతా. ఏడవను పోవాల కదా" అంది.

ఇక మిగిలింది ముసలివాళ్ళ హోమ్. విరుదునగర్‌లో ఊరి చివర క్రైస్తవ సిస్టర్లు నడిపే హోమ్ ఒకటుందని తెలిసి, వెళ్ళి మాట్లాడి వచ్చాను. శుభ్రంగా ఉంది, గంజి వేళకు పోస్తారు, డాక్టరు వస్తాడు. ఈమెకు చెప్పగానే మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం పెట్టినా తిరగలేదు. చివరికి గోడతోనే మాట్లాడింది.

"చచ్చేదానికి నాకు బయం లే. ఆడ చస్తే నన్ను ఎవురు ఏడ్చేది? ఆ సిస్టరమ్మలు నోరు మెదపకుండా మనసులో ఏడుస్తారంట. మనసులో ఏడిస్తే నాకు ఎట్ల వినపడతాది?"

"హోమ్‌లో ముసలమ్మలు ఉండారు కదా అత్తా. ఏడవరా?"

"వాళ్ళు అరవోళ్ళు. పొగిడేది వాళ్ళు పొగుడుతారులే. తెలుగులో తిట్టేది ఎవురు?"

"నేను వస్తాను" అన్నాను.

ఇటు తిరిగింది. నన్ను నెత్తి నుంచి కాళ్ళ దాకా చూసింది. మా అవ్వ చావులో నా ఏడుపు ఆమె విన్నది. నేను ఏడిస్తే ఎక్కిళ్ళు వస్తాయి, అంతకు మించి ఏమీ రాదు. "నువ్వు ఏడిస్తే పీనిగ లేచి నీళ్ళు తాగించాల" అంది. కానీ వేరే దారి లేదని ఆమెకూ తెలుసు. నెలకోసారి వెళ్ళి ఆమెను తిట్టడం నేర్చుకోవాలి. ఆ షరతు మీద ఒప్పుకుంది.

తీసుకెళ్ళిన రోజు బస్సులో సాత్తూరు దాకా నోరు తెరవలేదు. సాత్తూరులో కిటికీ దగ్గరికి దోసకాయలు అమ్మడానికి వచ్చినవాడితో గొడవ పెట్టుకుని కాస్త తేరుకుంది. విరుదునగర్‌లో దిగగానే ఆటో ఎక్కనని మొరాయించింది. ముందు నూనెలో వేయించిన పరోటా తినాలట. హోటలు బల్ల దగ్గర కర్ర ఆనించుకుని, ఉన్న నాలుగు పళ్ళతో తింటూ, "లోపలికి పోతే గంజే కదా. జైలుకు పొయ్యేవాడికి కూడా మొగుడూ పెండ్లాం కలిసి ఒక పూట అన్నం పెట్టి పంపుతారు" అంది. ఏ మొగుడు, ఏ పెండ్లాం అని అడగబుద్ధి కాలేదు. నేను పరోటా తుంచనే లేదు. అది చూసి నా ఆకులోది కూడా లాక్కుని తింది.

హోమ్ పెద్దను అందరూ మదర్ అంటారు. కేరళ ఆమె, పొడవుగా, బిగుసుకుని ఉంటుంది. పద్ధతులు చదివి వినిపించింది. ప్రార్థన వేళ మౌనంగా ఉండాలి, గట్టిగా మాట్లాడకూడదు, గోడల మీద ఉమ్మకూడదు. మా మేనత్త రెండు చేతులూ జోడించి, ముఖమంతా భక్తి పూసుకుని, తెలుగులో, "దీని మొకం చూడవే, ఉప్పునీళ్ళలో ఊరేసి మరిచిపోయిన మామిడికాయ" అంది.

"ఏమంటున్నారు?" మదర్ నన్ను అడిగింది.

"మీరు దేవత మాదిరి ఉన్నారంటోంది" అన్నాను.

మా ఇళ్ళలో ఇది పుట్టుకతో వచ్చే విద్య. బయటివాళ్ళను ఎదురుగా నిలబెట్టి తెలుగులో తిట్టడం, అడిగితే తమిళంలో దీవెనగా మార్చి చెప్పడం. చీరల కొట్టువాడి నుంచి కండక్టరు దాకా ఎవరినీ వదిలేవాళ్ళం కాదు. హోమ్‌లో మా మేనత్త దాన్ని ఇంకొంచెం పెంచింది. పొద్దున్నే మంచం మీద కూర్చుని, వంటామె నుంచి వాచ్‌మన్ దాకా పేరుపేరునా మెల్లగా రాగంతో తిట్టేది. ఎవరైనా అడిగితే, మా కులదైవం మంత్రం అనేది. కొందరు ముసలమ్మలు చేతులు జోడించి వినేవారు. ఒకామె రోజూ వచ్చి తల వంచేది, ఆశీర్వాదం కోసం. "ఈ గుమ్మడికాయకు ఇంకా బుద్ధి రాలే సామీ" అని ఆమె నెత్తిన చెయ్యి పెట్టేది.

పక్క మంచం ఆమెను మాత్రం ప్రత్యేకంగా తిట్టేది. ఆమె సన్నగా, నల్లగా, పిట్టలా ఉండేది. ఒట్టపిడారం పక్క పల్లె అని చెప్పింది, అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మనిషి పిట్టేగానీ గురక మాత్రం రైలు. మా మేనత్త ఆమె వైపు తిరిగి నవ్వుతూ, "రాతిరంతా కడంబూరు స్టేసన్లో పండుకున్నట్టు ఉండాది కదే నీ పక్కన. ముక్కా, పొగగొట్టమా అది? నీ మొగుడు ముందుగా పోయింది జబ్బుతో కాదు, నిద్దర లేక" అనేది. ఆమె కూడా నవ్వేది. తర్వాత ఇద్దరూ తమిళంలో సాంబారు సంగతి, మలబద్ధకం సంగతి మాట్లాడుకునేవారు. మా మేనత్తకు ఒంట్లో బాగాలేక మంత్రం మానేసిన రోజున, ఆ పిట్ట మంచం అంచు మీదికి జరిగి, "ఈ రోజు స్వామిని తలుచుకోలేదేమక్కా?" అని తమిళంలో అడిగేదట.

"పిచ్చిది. తిట్టకుంటే దానికి పొద్దుపోదు" అని నాకు చెప్పి నవ్వింది.

నా చదువు మాత్రం ముందుకు సాగలేదు. నెలకో ఆదివారం వెళ్ళేదాన్ని. వరండాలో బెంచీ మీద కూర్చుని కళ్ళు మూసుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, "చచ్చిపోతిని. మొదలుపెట్టు" అనేది. నేను అటూ ఇటూ చూసి, "అత్తా, నువ్వు ఎప్పుడూ గట్టిగా మాట్లాడతావు. ఎవరి మాటా వినవు" అనేదాన్ని. ఒక కన్ను తెరిచేది.

"ఇది తిట్టా? బడిలో ఇచ్చే మార్కుల కార్డు మాదిరి ఉండాది. నన్ను తలుచుకుని కడుపు మండాల నీకు. మండలేదా?"

"మండలేదు."

"అయితే చచ్చినాక మండతాదిలే, ఆగు" అని లేచి పరోటా ఏదని అడిగేది. నేను విరుదునగర్ బస్టాండులో కట్టించుకు తెచ్చిన పొట్లం అప్పటికే వాసనకు పట్టుబడి ఉండేది.

తెలుగు చదవడం, రాయడం నేను ఆ రోజుల్లోనే నేర్చుకున్నాను. ముప్పై దాటాక, బాలశిక్ష పెట్టుకుని. అది చెబితే పడిపడి నవ్వింది. "ఇంట్లో కట్టుకునే పాతచీరకు ఇస్త్రీ ఏమిటికే?" అంది.

రెండేళ్ళు గడిచాయేమో. ఒక వానాకాలం పొద్దున మా ఆఫీసుకు ఫోనొచ్చింది, హోమ్ నుంచి. ఆమె పోయిందనే అనుకున్నాను. తీరా చూస్తే ఫోన్లో ఆమే. ఆఫీసు సిస్టరును బతిమాలి చేయించింది. "పక్క మంచంది పోయింది. రా. వచ్చి చూసి నేర్చుకో" అంది. ఇలాంటి పిలుపుకు ఏ పేరుతో సెలవు చీటీ రాయాలో తెలియక కడుపునొప్పి అని రాసి వెళ్ళాను.

హాల్లో బల్ల మీద ఆ పిట్టను పడుకోబెట్టారు. మదర్, కొడుకులు వచ్చాక ప్రార్థన, అంతవరకు శబ్దం వద్దు అంది. "కొడుకులు వచ్చేదాకా ఆమె ఒంటిగా ఉండాలా? అంతవరకు సుమ్మా, ఊరికే చిన్నగా ఏడుస్తాను" అని మా మేనత్త కుర్చీ లాక్కుని, ఆమె జుట్టు దువ్వి, దగ్గి, మొదలుపెట్టింది. చిన్నగా మొదలైన ఏడుపు వీధిలోకి పోయింది. ముసలమ్మలంతా చుట్టూ చేరారు. తమిళంలో ఆ పిట్ట మహారాణి అయింది, నవ్వితే ఒట్టపిడారంలో వాన పడింది. అంతలో కొడుకులిద్దరూ వచ్చారు. నలభై దాటిన మనుషులు, తెల్ల చొక్కాలు, కాళ్ళ దగ్గర నిలబడి తల వంచుకున్నారు. మా మేనత్త కంటికొసన వాళ్ళను చూసింది. గొంతు తగ్గించింది. తెలుగులోకి దిగింది.

"రైలు మాదిరి గురకపెట్టి నా నిద్దర తింటివే, ఇప్పుడు ఇట్ల సద్దు లేకుండా పండుకుంటివే! రెండు ఎద్దుల్ని కంటివి. ఒకటన్నా నెలకొక పొద్దు ఈ పక్క మేయను వచ్చెనా తల్లీ? ఇప్పుడు చొక్కాలు వేసుకోని వచ్చి నిలబడి ఉండాయి చూడు..."

పెద్దవాడు తలెత్తాడు. ఆ ముఖంలో ఏదో కదిలింది.

"అవ్వా" అన్నాడు తెలుగులో. "మీరు మనోళ్ళా?"

మా మేనత్త ఏడుపు మధ్యలో ఆగడం నేనదే మొదటిసారి చూడటం. చెయ్యి గాల్లో ఉన్నట్టే ఉంది. రెండేళ్ళు పక్కపక్క మంచాలు. ఒక గిన్నెలో వక్కాకు దంచుకున్నారు. ఇద్దరూ తమిళంలోనే మాట్లాడుకున్నారు, గడప దాటి వచ్చారు కాబట్టి.

"మీ అమ్మ తెలుగా?" మా మేనత్త గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు. "ఒక్క పొద్దన్నా చెప్పలేదే నాయనా."

"ఆ పక్క మంచం ఆమె మీరేనా అవ్వా? అమ్మకు అంతా అర్థమవుతా ఉన్నింది. ఫోను చేసినప్పుడంతా నాకు చెప్పేది. పక్క మంచం ఆమె పొద్దున్నే నన్ను తెలుగులో తిడతాదిరా, వినను ఎంత సుకంగా ఉండాదో అనేది. మన ఇంట్లో ఇప్పుడు పిల్లకాయలతో సహా అంతా తమిళమే కదా. నాకు తెలుగు తెలుసునని తెలిస్తే ఆమె నిలిపేస్తాది, అందుకే నోరు తెరవకుండా ఉండానురా అని చెప్పింది."

మా మేనత్త ఆ పిట్ట ముఖంలోకి వంగి చూసింది. ఆ తర్వాత వచ్చిన ఏడుపుకు రాగం లేదు, వరస లేదు. "ఒసే దొంగదానా! మంచం మింద నోరు మూసుకోని అంతా విన్నావా? ఒక్క తిట్టు తిరిగి తిట్టుంటే నీ నోరు అరిగిపోయ్యేదా? ఈ ఊరు కాని ఊర్లో నాకు ఒక మనిసి ఉండాదని చెప్పకుండా పోతివే, నువ్వు బాగుపడతావా?" అని ఆ చల్లని భుజం పట్టుకుని ఊపింది. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూసింది ఆ రోజే. నాకూ ఏడుపు ఆగలేదు, ఎక్కిళ్ళతో సహా. పద్ధతులన్నీ తెలిసిన మదర్ ఆ రోజు ప్రార్థనను కాసేపు వెనక్కి జరిపింది.

కొడుకులు తమిళంలో సంగతి చెప్పడంతో మంత్రం గుట్టు రట్టయింది. హోమ్‌లో అందరికీ తాము ఇన్నాళ్ళు చేతులు జోడించి విన్నది తిట్లని తెలిసిపోయింది. ఇక ఈమెను బయటికి పంపేస్తారు, మా ఆయన తల్లి కాళ్ళు పట్టుకోవాలి అనుకున్నాను. అలా జరగలేదు. ముసలమ్మలు ఒక్కొక్కరే వచ్చి, నన్నేమని తిట్టేదానివి, చెప్పు అని అడిగారు. ఈమె దాపరికం లేకుండా తమిళంలో అర్థం చెప్పింది. గుమ్మడికాయ అనిపించుకున్నామె మూతి ముడుచుకుని, మర్నాడు మళ్ళీ తల వంచింది. మదర్ కూడా ఒక రోజు నన్ను పక్కకు పిలిచి, "దేవత అని చెప్పావు కదా ఆ రోజు, నిజంగా ఏమంది?" అని అడిగింది. మామిడికాయ అన్నాను. "మామిడికాయ మంచిదే" అంది.

మా మేనత్తకు మాత్రం కొత్త పిచ్చి పట్టింది. కొత్తగా ఎవరొచ్చినా తెలుగు మనిషేమోనని పరీక్ష. పేరు అడగదు, ఊరు అడగదు. దగ్గరికి పోయి, నవ్వుతూ, తెలుగులో ఒక తిట్టు తిట్టి, ముఖం కదిలిందా అని చూసేది. కూరగాయలవాడిని తిట్టింది. డాక్టరును తిట్టింది. క్రిస్మస్‌కు వచ్చిన ఫాదరును తిట్టింది, ఆయన కూడా దీవించిపోయాడు. ఒక వాచ్‌మన్ ముఖం కదిలిందని నాకు కబురంపింది. పోయి విచారిస్తే అతనికి పన్నునొప్పి.

"ఒక్కరు కూడా లేరే" అంది నాతో ఒక ఆదివారం. ఆ రోజు పరోటా సగంలో వదిలేసింది. "గూబమొకమా, నాకు నువ్వు ఒక్కతివే. నువ్వు రాలేదనుకో, నేను తమిళంలోనే పోవాల."

"వస్తాను అత్తా."

"వచ్చి మార్కుల కార్డు చదివితే ఒప్పుకోను."

తర్వాత మేము మదురైకి మారాం. ఇంట్లో నా పిల్లలతో నేను తెలుగులో మాట్లాడితే వాళ్ళు తమిళంలో జవాబిచ్చేవారు. నెలకోసారి వెళ్ళడం తప్పలేదు గానీ ఆమె చిక్కిపోతూ వచ్చింది. తిట్లు పొట్టివయ్యాయి. చివరికి నన్ను చూసి కనుబొమ్మ ఎత్తడమే తిట్టు.

ఆమె పోయిన రోజు మదర్ స్వయంగా నా సెల్‌కు ఫోన్ చేసింది. మధ్యాహ్నం దాటితే ఉంచలేమంది. మదురైలో బస్సు దొరికి, దారిలో రోడ్డు పనుల దగ్గర నిలిచిపోయి, నేను హోమ్‌లో అడుగుపెట్టేసరికి ప్రార్థన అయిపోయింది. వ్యాన్ ఇంజను ఆన్‌లోనే ఉంది. హాల్లో ముసలమ్మలు గోడవారగా కూర్చుని ఉన్నారు. ఒక్కరి నోటా చప్పుడు లేదు. ఆ హాల్లో ఏడుపు మొదలుపెట్టే మనిషి ఎప్పుడూ ఒకటే, ఆమే బల్ల మీద పడుకుని ఉంది. ఏ నిశ్శబ్దానికి భయపడి ఆ రోజు గోడవైపు తిరిగి పడుకుందో, సరిగ్గా అందులోనే పడుకుని ఉంది.

కుర్చీ లాక్కుని తల దగ్గర కూర్చున్నాను. జుట్టు దువ్వాను. పిడికెడు కూడా లేదు. తమిళంలో మొదలుపెట్టాను. మహారాణీ అన్నాను, ఎక్కిళ్ళు వచ్చాయి. అన్నపూర్ణా అన్నాను, మాట తెగిపోయింది. నాకే నా గొంతు అసహ్యంగా వినపడింది. డ్రైవర్ తలుపు దగ్గరికి వచ్చి చూశాడు. మదర్ చెయ్యి ఊపి ఇంజను ఆపమంది.

అప్పుడు మండింది నాకు. నిజంగానే కడుపులో మండింది.

"ఒసే వక్కాకు రాకాసీ!" అన్నాను తెలుగులో. నా పిల్లలు విని ఉంటే నన్ను గుర్తుపట్టేవారు కాదు. "నాకోసరం ఒక గంట ఆగను చేతకాలేదా నీకు? చావుకు ముందుగా పోయి కూర్చుంటివే, ఎవురు తరుముకున్నారు? ఊర్లో అందరి చావుకూ వంక పెట్టినదానివి, నీ చావు ఇంత సప్పగా చస్తివే! నా ఆకులో పరోటా కూడా లాక్కోని తింటివి, అది కక్కి పో! గూబమొకం అని పిలిచి పిలిచి నా పేరే నాకు మరిచిపొయ్యేటట్టు చేస్తివి, రేపు ఆ పేరుతో నన్ను ఎవురు పిలిచేది? ఇంట్లో తెలుగు మాట్లాడితే గోడ జవాబు చెప్పతాదా నాకు? నాకు ఏడవను రాదని తెలిసి కూడా నన్నే నమ్ముకోని పోతివే, నీకు బుద్ధుండాదా? లెయ్యి! లేచి చెప్పు, ఇది తిట్టా కాదా?"

ఊపిరి అందక ఆగాను. రాగం వచ్చిందో లేదో తెలియదు. కొంగుతో ముక్కు తుడుచుకుని చూస్తే ముసలమ్మలంతా కుర్చీలు జరుపుకుని నా చుట్టూ చేరి ఉన్నారు. ఎవరికీ ఒక్క ముక్క తెలుగు రాదు. అందరూ ఏడుస్తున్నారు. గుమ్మడికాయ ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"తిట్టావు కదూ?" అంది తమిళంలో.

"తిట్టాను పాటీ."

"ఆగకమ్మా, ఇంకాసేపు తిట్టు" అంది. "రేపటి నుంచి మమ్మల్ని తిట్టేవాళ్ళెవరు?"